గులాబీ మేజోళ్లతో మాదాపూర్ దాకా

శనివారం పొద్దున ఎనిమిది గంటలకు మా మనవరాలు సహస్రను వెంటబెట్టుకుని లింగంపల్లి స్టేషన్‌లో నిలబడ్డాను. వెళ్లవలసిన దూరం మూడు స్టేషన్లు. కాశీకి వెళ్లినప్పుడు కూడా నేను ఇంత సామాను మోయలేదు. ఒంటికి అతుక్కుపోయే నల్ల బనీను ఒకటి, నడుం దాకా వచ్చే గులాబీ రంగు మేజోళ్లు ఒక జత, మెత్తటి బూట్లు రెండు జతలు, తలపిన్నుల డబ్బా, అరటిపండు, నాలుగు ఫోటోలు, పుట్టిన తేదీ కాగితం నకలు. పెళ్లి రిజిస్ట్రేషన్‌కు కూడా ఇన్ని అడగరు.

ఈ ప్రయాణానికి కారణం బ్యాలే. కాలివేళ్ల మీద నిలబడి ఆడే విదేశీ నాట్యం. దేవుడు మనిషికి మడమలు ఎందుకిచ్చాడో వాళ్లెవరూ అడిగినట్టు లేదు. మాదాపూర్‌లో ఒక బడిలో సహస్ర దాన్ని మూడేళ్లుగా నేర్చుకుంటోంది. ఆ బడి రివాజు ఏమిటంటే, పదకొండేళ్లు నిండగానే చిన్న క్లాసు అయిపోతుంది. పెద్ద క్లాసులో ఐదే సీట్లు, పోటీకి ఇరవై ఇద్దరు పిల్లలు. ఈ రోజు ఎంపికలో నెంబరు రాకపోతే సహస్ర ఆట ఇంతటితో ఆఖరు, మళ్లీ ఏడాది పోటీకి కూడా రానివ్వరు. పిల్ల పది రోజులుగా అన్నం కెలికి వదిలేస్తోంది.

వాళ్లమ్మ సునీత, అంటే నా కూతురు, నానక్‌రామ్‌గూడలో ఒక దవాఖానలో నర్సు. ఆ రోజు ఏడింటికే డ్యూటీ. అల్లుడు రాత్రి షిఫ్టు దిగి అప్పుడే పడుకున్నాడు. మిగిలింది నేను. తెల్లవారకముందే లేచి కూతురు పిల్లకు కొప్పు కట్టి, ఇరవై పిన్నులు గుచ్చి, నాకు ఒకటే మాట చెప్పింది: "నాయినా, నువ్వు ఆడ ఎవరితోటి లొల్లి పెట్టుకోకు. తీస్కపో, తీస్కరా. గంతే."

నేనెవరో కూడా చెప్పాలి. నలభై ఏళ్లు టైలరు పని చేశాను. బడికి వెళ్లింది రెండో తరగతి దాకా. చొక్కా కత్తిరించే ముందు కొలతలు పాత పేపరు మీద గీసి కోసుకుంటాం, ఆ పేపర్లే నా చదువు. మెడ దగ్గర, చంక దగ్గర కత్తెర పడిన చోటల్లా వార్త ఆగిపోయేది. అందువల్ల లోకంలో చాలా సంగతులు నాకు సగం దాకా క్షుణ్ణంగా తెలుసు.

టిక్కెట్టు మనిషికి ఐదు రూపాయలు. రైలు సరిగ్గా సమయానికి వచ్చి నాకు కోప్పడే అవకాశం లేకుండా చేసింది. కిటికీ పక్కన చోటు దొరికింది గానీ సహస్ర వెనక్కి ఆనుకోలేదు. కొప్పు చెదురుతుందట. కడవ ఎత్తుకున్నట్టు నిటారుగా కూర్చుని కళ్లు మూసుకుంది.

ఎదుటి సీట్లో టిఫిను డబ్బాలతో ఒక ఆమె, మాదాపూర్‌లో ఒక హాస్టల్లో వంట చేస్తుందట. చాలాసేపు సహస్రనే చూసి అడిగింది.

"పెద్దాయనా, కొప్పు మస్తుగున్నది. పెండ్లికా?"

"కాదమ్మా, పరీక్షకు."

"నెత్తికి పరీక్షనా?"

"కాళ్లకు."

ఆమె పిల్ల కాళ్లు చూసి, చేతులు చూసింది. "మరి చేతులట్ల ఆడిస్తున్నదేంది? భయమైతున్నదా?"

నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. సహస్ర ఒళ్లో రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి, ఒకసారి ఒకటి లేపి, ఒకసారి తిప్పి, వేళ్ల మీద నిలబెడుతోంది. కాళ్లు చేయవలసిన పనిని చేతులతో వల్లె వేసుకోవడం అది. చెవుల్లో పాట పెట్టుకుని ఉంది కాబట్టి మా మాటలు వినబడవు. అందుకే ధైర్యంగా నా గొప్ప చెప్పుకున్నాను.

"నిన్న పొద్దుగూకే యాళ్ల సంచి సర్దుతుంటే చూసిన. ఈ పరీక్ష కోసమే తెప్పించిన కొత్త మేజోళ్లు. రెండింటికీ అరికాలు కాడ చిల్లులు! మూడు వేళ్లు పట్టేంత చిల్లు. ఎంత పెద్ద కంపెనీ అయితేంది, చూసి పంపే దిక్కు లేదు."

"అయ్యో! మరేం జేసినవ్?"

"కుట్టేసిన. యాడ కుట్టిన్నో కంపెనీవాడొచ్చినా చెప్పలేడు."

"చేతి పనే చేతి పని," అంది ఆమె. మూడు స్టేషన్ల ప్రయాణంలో అంతకంటే తెలివైన మాట వినలేదని ఆ క్షణాన అనుకున్నాను.

నిజానికి ఆ సూదిలో దారం ఎక్కించింది సహస్రే. నాలుగేళ్లుగా నా కళ్లకు సూది బెజ్జం ఆనడం లేదు, ఆ పని తనదే. గులాబీ దారం చూసి "ఎవరిది తాతా?" అని అడిగింది. "గిరాకీది" అన్నాను, అంటే బట్టలు కుట్టించుకునేవాళ్లది అని. రేపు పరీక్ష పెట్టుకుని కొత్త బట్టకు చిల్లు పడిందంటే పిల్ల పరేషాన్ అవుతుందని.

ఎనిమిదీ నలభైకి దిగాం. స్టేషన్ బయట షేర్ ఆటో, మనిషికి ఇరవై. దారిలో మాదాపూర్ అద్దాల మేడలు చూసి మాట్లాడని ముసలివాడు ఉండడు. ఒకప్పుడు ఇక్కడ గజం ఎంతకు వచ్చేదో, తానెలా కొనకుండా పోయాడో చెప్పి నిట్టూరుస్తాడు. నేను నిట్టూర్చను. అప్పుడూ కొనలేను, ఇప్పుడూ కొనలేను, నాకు ఆ బాధ లేదు. కొలతల కోసం సైకిలు మీద వచ్చినప్పుడు ఇక్కడ ఒకదాని మీద ఒకటి కూర్చున్న రాళ్లుండేవి. ఎవరూ కట్టకుండానే నిలబడ్డాయవి. ఇప్పుడున్న వాటికి లిఫ్టు కావాలి.

బడి ఒక పెద్ద మేడ ఐదో అంతస్తులో ఉంది. కింద గేటు దగ్గర సెక్యూరిటీ అతను నా సంచి వెతికి, అడుగున ఉన్న చిన్న కత్తెర బయటికి తీశాడు.

"ఇది లోపలికి నడ్వది, కాకా."

"నేను టైలర్ని. నలభై ఏండ్ల సంది నా సంచిలనే ఉంటది."

"మీరు టైలరే గావచ్చు. నా నౌకరీ పోతది. పోయేటప్పుడు తీస్కపోండ్రి."

అతని చొక్కా భుజం కుట్టు రెండంగుళాలు కిందికి జారి ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కూతురి హెచ్చరిక గుర్తొచ్చి మింగేశాను. ఈ ప్రయాణం మొత్తంలో నేను చేసిన త్యాగం అదొక్కటే.

తొమ్మిదింబావుకు ఐదో అంతస్తు. సహస్ర లోపల గదిలో బట్టలు మార్చుకుని వచ్చింది. ఎవరో ఆమె ఛాతీ మీద పదిహేడు అంకె ఉన్న కాగితం పిన్నులతో గుచ్చారు. వంకరగా గుచ్చారు. పదింటికి పిల్లలందరినీ లోపలికి తీసుకుపోయి తలుపు మూశారు. తలుపుకు అద్దం ఉంది, అద్దానికి లోపలి నుంచి కాగితం అంటించారు. మరి అద్దం పెట్టడం దేనికో!

బయట కుర్చీల్లో తల్లులు, ఇద్దరు ముగ్గురు తండ్రులు. ఒక్క కాఫీ తొంభై రూపాయలని కింద రాసి ఉండటం చూశాను కాబట్టి మంచినీళ్లు తాగి కూర్చున్నాను. పక్కన భీమవరం వైపు ఆవిడ, వాళ్ల పాపది నాలుగో నెంబరు.

"మీ మనవరాలాండీ? భలే నిటారుగా నడుస్తుందండీ."

"పొద్దటి నుంచి గట్లనే ఉన్నదమ్మా. కొప్పు కోసం."

ఆవిడ నవ్వింది. లోపల ఏం జరుగుతుందో వరసగా చెప్పుకొచ్చింది. మొదట కడ్డీ పట్టుకుని చేస్తారు, తరవాత గది మధ్యలో చేస్తారు. "ఆఖర్న వట్టికాళ్లతో చేయిస్తారండీ. దానికే సగం మార్కులు. పాదం ఎలా వంగుతుందో పెద్ద టీచరుగారు స్వయంగా చూస్తారు."

"మేజోళ్లున్నయి గద. అందరి ముందట విప్పుతరా?"

"విప్పక్కర్లేదండీ. అందుకేగా అరికాలి దగ్గర కన్నం ఉంటుంది! అందులోంచి పాదం బయటికి లాగి, మేజోడు పిక్క మీదకి మడిచేస్తారు. ఎంత తెలివిగా కుట్టారో చూడండి."

పేపరు ఏ చంక దగ్గర తెగిందో అప్పుడు అర్థమైంది.

లేచి బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి దగ్గరకు వెళ్లాను. "బిడ్డా, జర లోపలికి పోవాలె."

"పేరెంట్స్‌ని పంపరు అంకుల్. రూల్."

"నేను పేరెంట్‌ను కాదు. తాతను. తాతల మీద రూలున్నదా?"

ఆమె నిజంగానే కాగితం తిప్పి చూసింది. "సారీ అంకుల్."

"పోనీ కత్తెరుంటే ఇయ్యి."

ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, బల్ల మీదున్న స్టేప్లర్ కూడా తన దగ్గరికి లాక్కుంది.

పదకొండూ పదికి తలుపు తెరుచుకుంది. ఒక చిన్న టీచరు తల బయటపెట్టి, "పదిహేడో నెంబర్ వాళ్లెవరు?" అంది. చెప్పులు విడిచి లోపలికి పరుగెత్తాను. పరుగు అంటే నా వయసుకు తగ్గ పరుగు.

గది నాలుగు గోడల్లో ఒక గోడంతా అద్దమే. అందులో నేను నాకే ఎదురొచ్చాను. మిగతా పిల్లలంతా వట్టికాళ్లతో వరసగా నిలబడ్డారు. సహస్ర ఒక్కతే నేల మీద కూర్చుని, అరికాలు ఒళ్లో పెట్టుకుని గోళ్లతో గీరుతోంది. కళ్లలో నీళ్లు, కానీ కిందికి జారనివ్వడం లేదు. తెల్లజుట్టు పెద్ద టీచరు, ఏ దేశమో ఏమో, శాలువా కప్పుకుని కుర్చీలో ఉంది. చేతిగడియారం చూసి రెండు వేళ్లు చూపించింది. రెండు నిమిషాలు.

"తాతా, గిది గిరాకీదన్నవ్ గద?" అంది సహస్ర, గొంతు తగ్గించి.

నేల మీద కూర్చుని పాదం చేతిలోకి తీసుకున్నాను. కుట్టు ఎక్కడుందో ఎవరికీ కనబడకూడదని కుట్టాను. నాకూ కనబడలేదు. "పిన్ను" అన్నాను. సహస్ర కొప్పులోంచి ఒకటి లాగి ఇచ్చింది. వేలితో తడిమితే ముడి తగిలింది. పిన్నుతో పైకి లాగాను. తెగదే! నా దారం, నా కుట్టు, నా పొగరు. ఇక టైలరుకు మిగిలిన ఆయుధం ఒకటే. వంగి పళ్లతో పట్టుకున్నాను.

"తాతా! కాళ్లు!" అని పాదం వెనక్కి లాక్కోబోయింది. పెద్దవాళ్లు తన పాదాలకు వంగడం ఏమిటని ఆ పిల్ల భయం. ఆ మర్యాద నేర్పింది నేనే.

"ఊకో," అని దారం కొరికేశాను. రెండోది ఇంకా తొందరగా అయింది.

మేజోళ్లు మడిచాక ఆ పాదాలు చూశాను. మూడేళ్లుగా మా ఇంట్లోనే తిరుగుతున్న పాదాలు. బొటనవేలి పక్కన ఎండిన పొక్కు, మడమ మీద కొత్త పొక్కు, చిటికెన వేలికి చిన్న పట్టీ. కత్తెర పట్టి పట్టి నా బొటనవేలి మొదట కాయ కాసిన చోటు ఉంది. అచ్చం అలాంటిదే, కిందివైపు. పదకొండేళ్లకే.

నన్ను బయటికి వెళ్లమని ఎవరో అన్నారు. లేవబోతే మోకాళ్లు ఒప్పుకోలేదు. పెద్ద టీచరు ఉండనివ్వమన్నట్టు చెయ్యి ఊపగానే పాట మొదలైంది. అలా, ఏ తల్లిదండ్రులకూ దక్కనిది మోకాళ్ల నొప్పి పుణ్యమా అని నాకు దక్కింది.

నాకు ఆ నాట్యం గురించి తెలియదు, నచ్చిందని కూడా చెప్పను. గుడ్డ సంగతి తెలుసు. మంచి గుడ్డను భుజం మీద వేస్తే తనంతట తానే ఒక తీరున జారుతుంది, ఎక్కడా ముడత పడదు. చేత్తో సర్దితే చెడుతుంది. సహస్ర మడమలు లేపి, చేతులు లేపి, అలాగే కిందికి వచ్చింది. నేల మీద చప్పుడు కాలేదు. కొప్పులోంచి ఒక పాయ జారి ముఖం మీద పడింది, ఆ పిల్ల దాన్ని తొయ్యలేదు. పిన్ను నా చేతిలో ఉంది.

ఒంటి గంటకు గోడ మీద కాగితం అంటించారు. తల్లులు ముందు నిలబడ్డారు. నేను వెనక నుంచి, కింది వరస నుంచి చదవడం మొదలుపెట్టాను. మొదట చదివిన అంకే పదిహేడు. భీమవరం ఆవిడ పాప అంకె లేదు. ఆవిడ నా దగ్గరికి వచ్చి, "మంచిదండీ, మీ పాప బాగా చేసుంటుంది," అని, కూతురి తల నిమురుతూ లిఫ్టు వైపు వెళ్లింది. ఏదైనా అనాలనుకున్నాను. నలభై ఏళ్ల పేపర్లలో ఆ మాట ఉన్న ముక్క నాకు దొరకలేదు.

ఎంపికైనవాళ్లకు ఒక కాగితం ఇచ్చారు. పెద్ద క్లాసులో వేళ్ల దగ్గర గట్టిగా ఉండే పట్టు బూట్లు వేయాలట. వాటికి నాడాలు విడిగా వస్తాయట. కాలి కొలత చూసుకుని ఇంట్లోనే చేత్తో కుట్టుకోవాలని కింద గీత గీసి మరీ రాశారు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను కత్తెర తిరిగి ఇచ్చాడు. "ఏమైంది కాకా, పాస్ అయిందా?" అన్నాడు. అయిందన్నాను. భుజం కుట్టు సంగతి చెప్పి, లింగంపల్లి వస్తే సరిచేస్తానన్నాను. మళ్లీ ఆటో, మళ్లీ ఇరవై. స్టేషన్ బయట సమోసాలు తిన్నాం. సహస్ర నాలుగు తింది.

రెండూ పదికి రైలు. ఈ దారిన పిల్లల్ని తీసుకుని వెళ్లేవాళ్లకు చెప్పవలసింది ఎక్కువ లేదు. టిక్కెట్టు చవక, ఆటోలు దొరుకుతాయి, కాఫీ కింద తాగకండి, కొత్త బట్టకు చిల్లు కనబడితే ఆ బట్ట వేసుకునేవాళ్లను అడగండి.

సహస్ర ఇప్పుడు ఆనుకుని కూర్చుంది, కిటికీకి కాదు, నాకు. పంతొమ్మిది పిన్నులు భుజంలో గుచ్చుకుంటున్నాయి.

"బూట్ల నాడాలు నేను కుడతా బిడ్డా," అన్నాను. "పళ్లతోటి కొరికేటట్టు కాదు, మంచిగ."

"వద్దు. నా బూట్లు నేనే కుట్టుకుంట. నువ్వు జూపియ్యి, చాలు."

"సరే."

"ఇంకోటి తాతా. ఇగ నీ సూదిల దారం ఎక్కియ్యాలంటే, ఏం కుడుతున్నవో ముందుగాల నాకు జెప్పాలె. నిజం జెప్పాలె."

నలభై ఏళ్లలో ఏ గిరాకీ పెట్టిన షరతుకూ నేను తలవంచలేదు. హఫీజ్‌పేట రాకముందే ఒప్పుకున్నాను.