అద్దె వెండి వద్దన్న మా వదిన

మా ఆడపడుచు ఎమెతేరియాకు పట్టుదల ఎక్కువ. పట్టుదల అని నేను మర్యాదకు అంటున్నాను, మా ఆయన మాత్రం తన అక్కది మొండితనమే అంటాడు. నడుముకు మగ్గం కట్టుకుని కూర్చుందంటే ఇల్లు కూలినా లేవదు. నిజంగానే ఒకసారి భూకంపానికి ఇల్లు కూలింది. అప్పుడు మాత్రం లేచిందట. ఆ ఏడే మా అత్తగారి చచాల్ అమ్మి ఇంటికి రేకులు కొన్నారు.

చచాల్ అంటే ఎర్ర పూసల మధ్య పాత వెండి నాణేలు గుచ్చిన హారం. పునీత యోహాను పండుగనాడు ఊరేగింపులో ఆయన స్వరూపం ముందు ధూపం పట్టుకుని నడిచే పెద్దావిడ మెడలో అది ఉండి తీరాలి. భూకంపం అయిన కొన్నేళ్లకు ఆ పెద్దరికం మా వదినకు వచ్చింది. ఊరంతా సంతోషించింది. అందరికంటే ఎక్కువ సంతోషించింది బ్రిహిదా. ఎందుకంటే ఊళ్లో మిగిలిన మంచి చచాల్ ఆవిడదొక్కటే. పెద్దరికం ఎవరికి వచ్చినా వెండి ఆవిడ గుమ్మంలోంచే రావాలి. అద్దె పుచ్చుకుంటుంది, ఆపైన ఏడాది పొడుగునా చెప్పుకుంటుంది.

“ఎప్పుడొచ్చి పట్టుకెళ్తావే ఎమెతేరియా?” అని బట్టలుతికే తొట్టి దగ్గర అందరూ వింటుండగా అడిగింది. “కాస్త జాగ్రత్తగా వేసుకో. నీ మెడకి వెండి అలవాటు లేదుగా.”

వదిన పిండుతున్న బట్ట పిండుతూనే ఉంది.

“అక్కర్లేదక్కా. నాది నేను చేయించుకుంటున్నా.”

నా చేతిలో సబ్బు జారి నీళ్లలో పడింది. ఇంటికి వస్తూ దారిలో పట్టుకున్నాను.

“ఏంటి వదినా, వెండి కూడా మగ్గం మీద నేసేస్తావా?”

“ఆఁ, నేస్తా. రవిక నేసి అమ్ముతా, ఆ డబ్బుతో నాణెం కొంటా. నువ్వు నోరు మూసుకుని నాతో సంతకి రా.”

నాణేల గురించి మా ఇద్దరికీ తెలిసింది గుండు సున్నా. చిమల్తెనాంగో సంతలో అబుందియో అనే ఆయన పాత గడియారాలతో, తాళాలతో పాటు వెండి నాణేలు కూడా అమ్మేవాడు. మఖమల్ గుడ్డ మీద మెరిసేవి పరిచాడు. వాటికి అచ్చు వేసిన ఏడాదిని బట్టి, అందాన్ని బట్టి ధర. అరిగిపోయినవీ చిల్లులు పడ్డవీ ఒక రేకు డబ్బాలో పడేశాడు. వాటికి తూకమే ధర. వదిన గుడ్డ వైపు కన్నెత్తి కూడా చూడకుండా డబ్బాలో చెయ్యి పెట్టింది.

“అవెందుకమ్మా, చిల్లులు పడ్డాయి. సేకరించేవాళ్లు వాటిని చూస్తేనే మొహం తిప్పుకుంటారు,” అన్నాడు అబుందియో.

“తిప్పుకోనీ. నేనెలాగూ చిల్లు పెట్టించాల్సిందే కదయ్యా. కూలి మిగిలింది.”

భలే దానివే అనుకున్నాను. తర్వాత చేసిన పనికి మాత్రం తల పట్టుకోవాల్సి వచ్చింది. డబ్బాలో మా దేశపు కెత్సాల్ పిట్ట ఉన్న నాణేలున్నాయి, కూర్చున్న ఆడమనిషి బొమ్మతో పెరూ నాణేలున్నాయి. వదిన పిట్టలన్నీ ఏరుకుంది.

“మన పిట్ట ఉండగా, ఎవరో పెరూ ఆవిణ్ణి గుండెల మీద ఎందుకు కూర్చోబెట్టుకోవాలే?” అంది నాతో. అబుందియో వైపు తిరిగి, “రెండూ ఒకటే ధరా?” అని అడిగింది.

“వెండి వెండే తల్లీ! పిట్టయితేనేం, ఆడమనిషయితేనేం? ఒకటే తూకం, ఒకటే ధర!” అన్నాడు పక్క దుకాణాల వాళ్లకు కూడా వినపడేలా.

ఆ తర్వాత సంతసంతకూ రవికలు అమ్ముకుంటూ పిట్టలు కొంటూ వచ్చింది. పండుగ దగ్గరపడ్డాక మూట పట్టుకుని కంసాలి దగ్గరికి వెళ్లాం. ఆయన ఒక పిట్టను గీటురాయి మీద గీసి, మందుచుక్క వేసి పెదవి విరిచాడు.

“ఇందులో పదింట ఏడు పాళ్లే వెండమ్మా, మిగతాది రాగి. అదే పెరూ నాణెమైతే పదింట తొమ్మిది పాళ్లుంటుంది. రెండిటికీ ఒకటే ధర పెట్టావంటే రాగిని వెండి ధరకి కొన్నట్టే.”

అంత రాగి మెడలో వేసుకుని వెండి అని చెప్పుకోలేం, వేరేవి కొందామంటే ఇంట్లో అమ్మడానికి ఇంకో రవిక లేదు. బస్సులో వదిన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. “పోనీ, ఈ ఒక్క ఏడూ బ్రిహిదా దగ్గర...” అని నేను నసిగాను.

“ఆ మాట ఇంకోసారి అన్నావంటే బస్సులోంచి తోసేస్తా,” అంది. అబుందియో మీద నాకు ఒళ్లు మండిపోయింది. పచ్చి మోసగాడు!

మళ్లీ సంతకు మూట మొత్తం తీసుకెళ్లి ఆయన త్రాసు పక్కన పెట్టింది.

“అమ్మిన సరుకు వెనక్కి తీసుకోనమ్మా,” అన్నాడు ముందుగానే.

“వెనక్కి ఎవరిస్తున్నారయ్యా? మార్చుకుంటున్నా. పిట్టలు నువ్వుంచుకో, అదే తూకానికి పెరూ ఆవిళ్లని నాకియ్యి.”

“అలా ఎలా కుదురుతుంది?”

“ఎందుకు కుదరదు? వెండి వెండే అన్నావుగా. లేకపోతే తేడా ఏమన్నా ఉందా? ఉంటే చెప్పు, అందరూ వింటారు.”

పక్కన టమాటాలు అమ్మే ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది.

“చెప్పవయ్యా, తేడా ఉందా? నేనూ నీ దగ్గర పిట్టలే కొన్నా!”

అబుందియో గబగబా త్రాసు అందుకున్నాడు. తూస్తూ, “ఈవిడ నేతమనిషా, లాయరా?” అని గొణిగాడు.

“రెండూనూ!” అన్నాను నేను. ఆ మాట అనడానికి నాకెంత సంతోషమేసిందో! వదిన ఒక్క పిట్టను మాత్రం తిరిగి తీసుకుంది. “మనది కదా, మధ్యలో ఉంటుందిలే,” అంది.

పండుగనాడు గుళ్లోకి వెళ్తుంటే నా కళ్లన్నీ వదిన మెడ మీదే. వదిన చచాల్ బ్రిహిదా దానికన్నా చిన్నది. నాణేలు అరిగిపోయి, పెరూ ఆవిడ ముక్కూ మొహమూ తెలియడం లేదు. “చంటిపిల్ల గొలుసులా ఉందే,” అని బ్రిహిదా వెనక నుంచి అననే అంది. ధూపం అందించేది దోరొతెయా మామ్మ. కొత్తగా పెద్దరికం వచ్చిన ఆడమనిషి మెడలోని నాణెం పట్టుకుని, ఈ వెండి ఎవరిదని అడగడం ఆవిడకు అలవాటు. ఎన్నో ఏళ్లుగా ఆవిడకు వచ్చే జవాబు ఒకటే, బ్రిహిదాది అని.

మామ్మ ఒక నాణేన్ని వేళ్లతో తడిమింది.

“ఈ వెండి ఎవరిదే?”

“నాది, మామ్మా.”

“ఆఁ? గట్టిగా చెప్పు. చెవులు పనిచెయ్యవు.”

“నాది!” అంది వదిన. గుడి అంతా అటు తిరిగింది. “నా మగ్గం మీద సంపాదించుకున్నా!”

మామ్మ ఇంకేమీ అడగకుండా ధూపం చేతికిచ్చింది. వదిన స్వరూపం ముందు నడిచింది. మెడలో నాణేలు గలగలమంటుంటే వెనక కొవ్వొత్తి పట్టుకుని నేను సిగ్గులేకుండా ఏడ్చాను. ఆ రోజు అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ, ఆ ముందు నడిచేది మా వదినే అని చెప్పుకుంటూ పోయాను.