ఏగోన్ సమాధి మీద ఖాళీ వరుస

మా వీధి చివరింటి హిల్‌ట్రూట్ ఊలిగ్ జీవితమంతా మేజోళ్ళ మిల్లులో పనిచేసింది. ప్రభుత్వంతో ఆమెకు ఒక్కటే పేచీ. అదీ ఒక మాట గురించి.

మా ఊరి పేరు కెమ్నిట్స్. జర్మన్లు రాకముందు ఇక్కడున్న స్లావ్ జనం తమ ఏటిని రాళ్ళేరు అన్నారు. వాళ్ళ మాటే అరిగి, గులకరాయిలా నునుపై ఊరికి మిగిలింది. 1953లో తూర్పు జర్మనీ కమ్యూనిస్టు పెద్దలు దాన్ని తీసేసి కార్ల్ మార్క్స్ నగరం అన్నారు. ఆ మహానుభావుడు ఇక్కడ ఒక్కపూట భోంచేసినట్టు ఎవరూ చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి కాబోలు, ఆయన తలకాయ ఒక్కటీ కంచుతో పోతపోసి నడి ఊళ్ళో నిలబెట్టారు.

హిల్‌ట్రూట్ భర్త ఏగోన్ 1974లో పోయాడు. సమాధి రాతి మీద 'పుట్టిన ఊరు: కెమ్నిట్స్' అని చెక్కించబోతే, అలాంటి ఊరు లేదు, కొత్త పేరు వేయమన్నారు శ్మశానం ఆఫీసువాళ్ళు. ఆమె ఆ వరుస ఖాళీగా వదిలించింది. మా దగ్గర సమాధి కూడా అద్దె ఇల్లే. గడువు తీరితే రాయి పీకేస్తారు, పెంచడం ఆఫీసు దయ. ఆలోగా పేరు తిరిగి రాకపోతే ఏగోన్ ఏ ఊరివాడూ కాకుండానే పోతాడు.

ఏటా నవంబరులో సమాధి మీద ఫర్ చెట్టు కొమ్మలు పరచడానికి వచ్చే మరిది లోథార్ అదే పోరు పెట్టేవాడు.

"వదినా, అన్నయ్య నెత్తిన ఈ బోడి వరుస ఎందుకు? ఏదో ఒకటి చెక్కించెయ్యరాదూ."

"మీ అన్న ఈత నేర్చింది రాళ్ళేట్లోనయ్యా. ఆ కంచు తలకాయలో కాదు."

బెర్లిన్ గోడ కూలింది. 1990 వసంతంలో ఊరి పేరు మీద ఓటు పెట్టారు. హిల్‌ట్రూట్ మోకాళ్ళ నొప్పులతోనే మెట్టుమెట్టూ ఎక్కి తలుపుతలుపూ తట్టింది. బోర్డులు మార్చడం దండగని గొణిగిన లోథార్‌ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఓటు వేయించింది. పశ్చిమ జర్మనీ నుంచి వచ్చిన పత్రికాయన ఒకడు ఎంతో సానుభూతిగా 'షెమ్నిట్స్' అన్నాడు. మొదటి అక్షరం 'క' అని సరిగ్గా పలికేదాకా అతన్ని గుమ్మం దాటనివ్వలేదు. సానుభూతికి మినహాయింపు లేదు.

ఓటేసిన ప్రతి నలుగురిలో ముగ్గురు పాత పేరే కోరారు.

రాళ్ళు చెక్కే జైఫర్ట్ ఉలితో వచ్చి ఖాళీ వరుస నింపాడు. ఆమె వేలితో తడిమి చూసి, కింద తనక్కూడా చెక్కమంది.

"మీరింకా ఉన్నారు కదండీ, ఏం చెక్కమంటారు?"

"నా పేరు, తేదీలు తర్వాత చూసుకోవచ్చు. ఊరి పేరు మాత్రం ఇప్పుడే చెక్కెయ్యి నాయనా. వీళ్ళని నమ్మడానికి లేదు."