రోడ్డుకవతలి తోడు

మూత తీయగానే సబ్బు వాసన కొట్టింది.

ఒక చేత్తో పొద్దుటి పాల బకెట్టు, రెండో చేత్తో మూత పట్టుకుని బురుల్చా ఆ చెక్క పీపా ముందు అలాగే నిలబడిపోయింది. ముప్ఫై ఏళ్ళుగా రోజూ అదే మూత తీస్తోంది. తీయగానే ముందు పొగ వాసన, దాని వెనకే ముక్కులో గుచ్చే పులుపు రావాలి. ఇవాళ ఆ రెండూ లేవు. లోపల నల్లగా నిగనిగలాడాల్సిన చెక్క కొత్త పీటలా తెల్లగా ఉంది. అడుగున ఎప్పుడూ తీయకుండా వదిలేసే నాలుగు వేళ్ళ కుమిస్ ఒక్క చుక్క కూడా లేదు. ఆ నాలుగు వేళ్ళే తోడు. రోజూ పిండిన గుర్రప్పాలు అందులో పడి, పులిసి, కవ్వం కింద నలిగితేనే కుమిస్ అవుతుంది.

ముందు దొంగలు పడ్డారేమో అనుకుంది. తోడు దొంగిలించినవాడు పీపా కడిగిపెట్టి మరీ పోతాడా అని తనకే అనిపించింది. అప్పుడు గుమ్మంలో కోడలు కనిపించింది.

ఐజిరెక్ ఆ ఇంటికొచ్చి ఆరు వారాలే అయింది. తోక్మోక్ పట్నం పిల్ల. తలకు తెల్ల రుమాలు కట్టుకుని, ఎర్రగా కందిపోయిన చేతులు ముందు పెట్టుకుని, ఒక మంచి మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

"మీకంటే ముందే లేచానత్తయ్యా. లోపలంతా మసి గడ్డకట్టుకుపోయి ఉంది. వేడినీళ్ళలో సోడా వేసి, సబ్బు పెట్టి నాలుగుసార్లు తోమితేగానీ వదల్లేదు."

"అడుగున ఉన్నదో?"

"నిన్నటి మిగులే కదా అని వాగులో పోశాను. నేల మీద పొయ్యలేదత్తయ్యా. తెల్లటిది కాలి కింద పడకూడదని మా అమ్మమ్మ చెప్పింది. పారే నీళ్ళలోనే పోశాను."

ఆ పిల్లను అని ఏం లాభం. కొత్త కోడలు అందరికంటే ముందు లేవాలి, చేయి ఊరుకోకూడదు, ముట్టుకున్నదల్లా మెరవాలి అని పుట్టింట్లో చెప్పి పంపుతారు. కుమిస్‌ను సీసాలో తప్ప చూడని పిల్ల, ఆ మసే దాని రుచి అని ఎలా తెలుసుకుంటుంది? ఇదంతా బురుల్చాకు తెలుసు. అయినా అక్కడే చతికిలబడింది.

గుర్రప్పిల్లను తాడుకు కట్టి అప్పుడే లోపలికొచ్చిన మొగుడు జుమాష్ పెళ్ళాం వాలకం చూసి, "ఏంటే, పీపాలో పాము దూరిందా?" అన్నాడు.

"పామైతే పాలు పోసి సాగనంపేదాన్ని. తోడు పోయిందయ్యా."

జుమాష్ వంగి పీపాలోకి చూశాడు.

బిష్కెక్ నుంచి ఓష్ దాకా ఆ రోడ్డు మీద లారీ తోలేవాళ్ళలో బురుల్చాను ఎరగనివాడు లేడు. కనుమ దిగి సూసమీర్ లోయలోకి రాగానే కుడిపక్కన మూడో ఉన్నిగుడారం ఆమెది. ఉమ్మడి గొర్రెల ఫారం మూతపడ్డ ఏడాది అందరికీ గొర్రెలు పంచేసి, వరసలో ఆఖరున నిలబడ్డ జుమాష్‌కు రెండు ఆడగుర్రాలు అంటగట్టారు. ఇంటిల్లిపాదీ తల పట్టుకుంటే అతని తల్లి మాత్రం, "రోడ్డు పక్కన గుడారం వెయ్యండి. దాహం లేని డ్రైవరు ఎక్కడైనా ఉంటాడా?" అంది. పీపా ఆవిడది, తోడు ఆవిడది. అమ్మే నోరు బురుల్చాది.

ఆ నోటికి అమ్మడం రావడానికి చాలాకాలం పట్టింది. మొదట్లో అడక్కుండానే తన సరుకును తెగ పొగిడేది. జనం అనుమానంగా చూసి కారెక్కేవాళ్ళు. మాటలు తగ్గించి గిన్నె చేతికివ్వడం మొదలుపెట్టాక ఆగడం మొదలుపెట్టారు. "ఎంత బాగుందమ్మా" అని మూడుసార్లు అన్నవాడు సీసా కొనడని, మూతి తుడుచుకుని మాట్లాడకుండా గిన్నె మళ్ళీ చాచేవాడే కొంటాడని కనిపెట్టింది. గిన్నెలు లోపల ఎంత శుభ్రంగా కడిగి పెట్టినా లాభం లేదు, వచ్చినవాళ్ళ కళ్ళ ముందు మళ్ళీ కడగాలి. ఒక ఆగస్టులో పెళ్ళిబస్సు ఆగితే, సరుకు చాలక, పులిసిన దాంట్లో అప్పుడే పిండిన పచ్చిపాలు కలిపి పోసింది. ఆ బస్సు ఓష్ చేరేలోపు పదకొండు చోట్ల ఆగిందట. పెళ్ళికూతురు కూడా దిగిందట. రెండేళ్ళపాటు ఆమెను చూసినవాడల్లా ఆ పెళ్ళికూతురి క్షేమం అడిగాడు. "అయిపోయింది, రేపు రండి" అనడం వ్యాపారంలో అన్నిటికంటే కష్టమైన మాట అని అప్పుడే తెలిసింది ఆమెకు.

ఇవన్నీ ఒక ఎత్తు, తోడు ఒక్కటీ ఒక ఎత్తు. తోడు ఎవరికీ ఇవ్వకూడదు. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు, తనంతట తనే పెట్టుకున్న నియమం. ఇరవై రెండేళ్ళ కిందట సాకిన్ అనే ఆవిడ, మొగుడు పోయి, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి సరిగ్గా రోడ్డుకవతల, ఎదురుగా గుడారం వేసింది. వేసిన రోజే చెంబు పట్టుకొచ్చి, "అక్కా, కాస్త తోడుంటే పెట్టు" అంది. "తోడు ఒక్కటే చాలా, గిరాకీ కూడా కట్టిమ్మంటావా?" అని బురుల్చా గుమ్మంలోంచే పంపేసింది. ఆ తర్వాత ఒకరి గడప ఒకరు తొక్కలేదు. అవతల ఎలా ఉంటుందని ఎవరడిగినా బురుల్చా జవాబు ఒకటే, "గుర్రం చెమట." జనం పగలబడి నవ్వేవాళ్ళు. డ్రైవర్లు ఆ మాటను తలో వైపుకూ మోసుకుపోయారు.

ఇవాళ బుధవారం. శుక్రవారానికి కుమిస్ వైద్యం కోసం వచ్చేవాళ్ళు దిగుతారు. పన్నెండేళ్ళుగా ప్రతి జులైలో ఎనిమిది మంది బిష్కెక్ నుంచి వచ్చి, పక్క గుడారంలో పది రోజులుండి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుమిస్ తాగి, ఊపిరితిత్తులు, కడుపులు బాగుచేసుకుని వెళ్తారు. ఆ పది రోజుల మీదే బురుల్చా ఇంటికి చలికాలం గడుస్తుంది. కుమిస్ లేకపోతే వాళ్ళు చేసే పని ఒక్కటే, రోడ్డు దాటి సాకిన్ గుడారంలో దిగుతారు. దిగినవాళ్ళు మళ్ళీ రారు.

కొడుకు మెదెర్ కారేసుకుని లోయంతా తిరిగి, నాలుగు గుడారాల్లోంచి నాలుగు సీసాలు తెచ్చాడు. ఒకటి నీళ్ళు. ఒకదాంట్లో ఆవుపాలు. మూడోది పుల్లగా పాడైంది. నాలుగోది నోట్లో పెట్టుకుని జుమాష్ బయటికి పరిగెత్తాడు. అప్పుడు బురుల్చా కోడలివైపు తిరిగి, గొంతు పెంచకుండానే అంది.

"మీ అమ్మకు ఫోను చెయ్యి. వచ్చి తీసుకెళ్ళమను."

మెదెర్ ఏదో అనబోతే తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు. అన్న మాటకు బురుల్చాకే దిమ్మ తిరిగింది, కానీ వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు. ఐజిరెక్ ఏడవలేదు. లోపలికెళ్ళి సంచిలో బట్టలు సర్దుకుంది. ఆ తర్వాత సంచి అక్కడే పెట్టి, చెంబు ఒకటి తీసుకుని, అటూ ఇటూ లారీలు చూసుకుని రోడ్డు దాటింది.

బురుల్చా బయటికొచ్చేసరికి ఆ పిల్ల సాకిన్ గుమ్మంలో ఉంది.

తల కొట్టేసినట్టయింది ఆమెకు. ఇరవై రెండేళ్ళు కాపాడుకున్న పరువు ఒక చెంబులో పడిపోతోంది. చెయ్యి పట్టి లాక్కొద్దామని రోడ్డు దాటి, విసురుగా సాకిన్ గుడారంలోకి వెళ్ళింది. లోపల అడుగు పెట్టాక గుర్తొచ్చింది, గడప దాటిన మనిషి ఏదో ఒకటి నోట పెట్టుకోకుండా వెనక్కి వెళ్ళకూడదని. పగవాడి ఇంట్లోనైనా మర్యాద అదే.

"కూర్చో అక్కా," అంది సాకిన్. "ఇన్నేళ్ళకు దారి తెలిసిందా?"

"కూర్చోడానికి రాలేదు. నా కోడల్ని తీసుకెళ్ళడానికొచ్చాను."

"పుట్టింటికి పొమ్మన్నావట కదా. అప్పుడే నీ కోడలైపోయిందా?"

సాకిన్ గిన్నె నింపి రెండు చేతులతో అందించింది. పెదాలకు తాకించి పెట్టేద్దామనుకుంది బురుల్చా. తాకించింది. ముందు పొగ వచ్చింది. తర్వాత నాలుక అంచుల్ని గిల్లే పులుపు. మింగాక, అప్పుడే బాదంపప్పు నమిలినట్టు వెనకనుంచి ఒక చిన్న తీపి. ఆ తీపి ఈ రోడ్డు మీద ఇంకెక్కడా ఉండదని ఆమె ముప్ఫై ఏళ్ళుగా చెప్పుకుంటోంది.

గిన్నె కింద పెట్టింది.

"ఇది నాది," అంది. "నా తోడు. దొంగిలించావు."

సాకిన్‌కు కోపం రాలేదు. "దొంగతనం నాకు చేతకాదక్కా. మీ అత్తగారు తెచ్చింది. నువ్వు నన్ను పంపేసిన మర్నాడు, నువ్వు గుర్రాల దగ్గరుంటే, కోటు కింద జాడీ పెట్టుకుని వచ్చింది."

"ఆవిడెందుకిస్తుంది నీకు?"

"నేనూ అదే అడిగాను. 'ఒక్క గుడారంలో ఉంటే ఎవరో ఒకరి పొరపాటుకు ఎప్పుడో పోతుంది. నీ దగ్గర కూడా ఉండనీ' అంది. అన్నట్టే అయింది కదా, పదిహేనేళ్ళ కిందట."

"ఏమైంది పదిహేనేళ్ళ కిందట?"

సాకిన్ గరిటె కింద పెట్టి ఆమె మొహంలోకి చూసింది. "నీకు నిజంగా తెలీదా?"

తెలియదు. సాకిన్ నెమ్మదిగా చెప్పింది. ఆ చలికాలం బురుల్చా బంగాళాదుంపల కోసం నేలమాళిగలోకి దిగి, పైకొచ్చాక దాని మూత వెయ్యకుండానే చుట్టాల పెళ్ళికెళ్ళి మూడు రోజులుండిపోయింది. వేసవిదాకా ఉంటుందని అక్కడ దాచిన తోడు జాడీ చలికి గడ్డకట్టి నిలువునా పగిలింది. మంచు కరిగాక ఉన్నదంతా మట్టిలోకి ఇంకిపోయింది. వసంతంలో పెద్దావిడ ఖాళీ చెంబుతో రోడ్డు దాటింది.

"'మా పిల్ల మూత వెయ్యడం మర్చిపోయింది. దానికి చెప్పకు, ఏడుస్తుంది' అంది. చెప్పలేదు."

"మా పిల్లా? ఏ పిల్ల?" అంది బురుల్చా. తన ఇంట్లో ఆడపిల్లలే లేరు.

"ఏ పిల్లేంటక్కా. నువ్వే."

అప్పటికి బురుల్చాకు నలభై మూడేళ్ళు. రోడ్డు మీద ఆమె నోటికి లారీ డ్రైవర్లు జడిసేవాళ్ళు. ఆమె ఏడుస్తుందేమోనని ఒక ముసలావిడ చెంబు పట్టుకుని పగవాళ్ళ గుమ్మం తొక్కింది. తొక్కి వచ్చి, ఒక్క మాట అనకుండా, బతికినన్నాళ్ళూ పక్కనే కూర్చుని కవ్వం తిప్పింది. పోయి ఎనిమిదేళ్ళవుతోంది. కోడలిగా ఆవిడ పేరు బురుల్చా ఇప్పటికీ నోటితో పలకదు. పలకని ఆ పేరును ఇప్పుడు మనసులో ఒకసారి అనుకుంది. పదిహేనేళ్ళుగా తను పొగిడి అమ్మింది సాకిన్ కుమిస్. గుర్రం చెమట అని తిట్టిందీ అదే.

"నువ్వు నన్ను ఆ మాటన్నావని తెలిసినప్పుడల్లా ఒళ్ళు మండేది," అంది సాకిన్. "మీ అత్తగారు ఇటొచ్చి గిన్నెడు తాగి, 'మా ఇంటి చెమటే' అని నవ్వేది. ఇంకేం చేస్తాను, నేనూ నవ్వేదాన్ని."

ఐజిరెక్ చెంబు నింపుకుంది. ఇద్దరూ రోడ్డు దాటారు. బురుల్చా గుడారం ముందు ఆగి, "సంచిలో బట్టలు తీసి ఎక్కడివక్కడ పెట్టు," అంది. పీపా దగ్గరికెళ్ళి, "నేనూ ఒకసారి పోగొట్టాను," అంది. ఆ తర్వాత దేవదారు కొమ్మలు ముట్టించి, పీపా బోర్లించి, దానికి పొగ ఎలా పట్టించాలో ఆ పిల్ల చేతే చేయించింది. బుధవారం మూడుసార్లు, గురువారం నాలుగుసార్లు. రెండు రోజులూ అత్తాకోడళ్ళు వంతులవారీగా కవ్వం తిప్పారు.

శుక్రవారం మధ్యాహ్నం ఎనిమిది మందీ దిగారు. వాళ్ళకు పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు సొవెత్‌బెక్, ఎప్పటిలాగే మొదటి గిన్నె అందుకుని, కళ్ళు మూసుకుని, చివరిదాకా తాగాడు.

"అదే రుచి. పన్నెండేళ్ళుగా ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. ఈ రోడ్డు మీద కుమిస్ అంటే ఇదొక్కటే. ఇక అవతలిదంటారా..."

"గుర్రం చెమట," అన్నారు మిగతా ఏడుగురూ ఒక్క గొంతుతో. గుడారం నవ్వులతో దద్దరిల్లింది.

బురుల్చా నవ్వలేదు. "మాస్టారూ, ఇది అవతలిదే," అంది.

ఇంకా గట్టిగా నవ్వారు. కొత్త హాస్యం అనుకున్నారు.

"నిజం. నా తోడు పోయింది. ఇది సాకిన్ ఇచ్చింది. ఇప్పుడే కాదు, ఈ పన్నెండేళ్ళూ మీరు తాగింది ఆవిడదే."

ఒకావిడ నవ్వలేక పొట్ట పట్టుకుంది. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ, "ఈ ఏడు మంచి ఊపు మీదున్నావు బురుల్చా," అన్నాడు. ఆమె కోడలివైపు చూసింది. ఐజిరెక్ మొహం పాలిపోయి ఉంది. ఇరవై రెండేళ్ళు అంత బాగా అమ్మిన మాట, ఇప్పుడు వెనక్కి తీసుకుందామంటే ఎవరూ ఇవ్వడం లేదు. బురుల్చాకు భయమేసింది. ఆ పీపా మూత తీసినప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

గరిటె కోడలి చేతికిచ్చి, మాస్టారి జబ్బ పట్టుకుని లేవదీసింది. "రండి. అందరూ రండి," అని ముందు నడిచింది. అర్థం కాక, ఒకరి మొహాలొకరు చూసుకుంటూ, ఎనిమిది మందీ ఆమె వెనకే రోడ్డు దాటారు. ఓష్ వెళ్ళే లారీ ఒకటి ఆగి మరీ చూసింది.

గుమ్మంలో సాకిన్ కంగారుగా లేచి నిలబడింది. "ఏంటక్కా, ఇంతమంది? ఏదైనా గొడవా?"

"గొడవేం లేదు," అంది బురుల్చా. "గిన్నెలు తీసి కడుగు. లోపల కాదు, ఇక్కడ, వీళ్ళ కళ్ళ ముందు కడుగు."