కుక్కపిల్ల గడ్డం కోసం కాచుకున్న పట్టకారు

మా వీధి సెలూన్ ఆయనకు చేతులు వణుకుతున్నాయట. అందుకే మధ్యాహ్నాలు షట్టరు దించేస్తున్నాడట. ఈ మాట పుట్టించింది ఎదురు వరుసలోని టైలరు. తన కుట్టు వంకరపోతే మిషను మీదికి నెట్టే మనిషికి ఇంకొకరి చేతుల సంగతి ఎందుకో! ఆ చేతులు వణకడం లేదు. నేను కళ్లారా చూశాను. తొంగి చూశానని ఎవరైనా అంటే అననివ్వండి, షాపు వెనకే వాళ్ల ఇల్లు, వెనక తలుపు తీసి పెట్టుకున్నది వాళ్లే.

ఈయన్ని వీధంతా పట్టకారు అంటుంది. ఊరికే అనదు. కుర్చీ చేతుల మీద పలక వేసి, పిల్లవాణ్ణి దానిమీద కూర్చోబెట్టి, మెడకు తెల్లగుడ్డ బిగించి, ఎడమచేత్తో నడినెత్తి పట్టాడంటే కత్తెర పని అయ్యేదాకా ఆ తల ఈయనదే. ఏడ్చినా వదలడు, తుమ్మినా వదలడు. "నొప్పి" అంటే "అయిపోవచ్చిందిరా" అంటాడు. అప్పుడే మొదలుపెట్టి ఉంటాడు. మా పెద్దవాడు మీసాలొచ్చాక కూడా ఆ కుర్చీ ఎక్కే ముందు గ్లాసుడు నీళ్లు తాగి వెళ్లేవాడు.

అలాంటి మహానుభావుడు, షాపు మెట్టు మీద ఎవరో వదిలేసిపోయిన కుక్కపిల్లను ఇంట్లోకి తెచ్చాడు. ఒక చెవి చీముపట్టి కంపు. పశువుల డాక్టరమ్మ చుక్కల మందు ఇచ్చి, రోజూ తుడిచి వెయ్యకపోతే ఆ చెవి దక్కదంది.

"ఎన్ని తలలు చూశానమ్మా, ఇదొక లెక్కా?" అన్నాడట మనవాడు.

ఇంటికొచ్చి ఏం చేశాడనుకున్నారు? కుక్కపిల్ల మెడ చుట్టూ గిరాకీకి కట్టినట్టు తెల్లగుడ్డ కట్టాడు! నడినెత్తి బిగించి పట్టాడు. అది బొటనవేలిని కసుక్కున కొరికింది. కత్తెరలో దూర్చే బొటనవేలిని.

భార్య ఊరుకుంటుందా? "మీ వేలు ఆడితేనే మన నోళ్లు ఆడేది. ఇంకొక్క గాటు పడిందో, పిండిమర అన్నకిచ్చేస్తాను. గొలుసేసి మర దగ్గర కట్టేసుకుంటాడు" అంది.

వేలికి కట్టుతో మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ చెప్పిన వైద్యం వింటే నవ్వొస్తుంది. పట్టుకోకూడదట. పొట్టి స్టూలు మీద తువ్వాలు మడిచి పెట్టాలి. కుక్కపిల్ల తనంతట తాను వచ్చి గడ్డం దానిమీద ఆనిస్తే ఉడికించిన కోడిమాంసం ముక్క. గడ్డం ఆనించి ఉన్నంతసేపే చెయ్యి చెవి దగ్గరికి పోవాలి. తల ఎత్తిందా, చెయ్యి వెనక్కి. తిట్టకూడదు, లాగకూడదు, బతిమాలకూడదు. దాని ఇష్టం!

మధ్యాహ్నాలు షట్టరు దించేది ఈ వైభోగానికి. బయట గిరాకీలు మాసిన గడ్డాలు గోక్కుంటూ నిలబడితే, లోపల ఈయన మఠం వేసుకుని దొరగారి గడ్డం కోసం కాచుకున్నాడు. దొరగారు స్టూలు వాసన చూశారు. తోక కొరుక్కున్నారు. గోడవైపు తిరిగి ఆవులించారు. చివరికి దయతలచి గడ్డం ఆనించారు. ముక్క అందింది. చెయ్యి కదిలేసరికి తల లేచింది. కాలిన పెనం తగిలినట్టు ఈయన చెయ్యి లాక్కున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"పట్టుకుని వేసి పారెయ్యవయ్యా, గుప్పెడంత లేదు!" అన్నాను గుమ్మంలోంచి.

"ష్! పెద్దమ్మా, అది ఆలోచించుకుంటోంది."

"ఏమిటి ఆలోచన, ఇల్లు కొంటోందా?"

"ఏం కూర వండనని నేనడిగితే విసుక్కునే మనిషి, చూడు పెద్దమ్మా" అంది భార్య పొయ్యి దగ్గరి నుంచి.

రోజులు ఇలాగే పోయాయి. తుడవడం చెవి అంచు దాటలేదు, కంపు తగ్గలేదు. భార్య ఓపిక అయిపోయి పిండిమర ఆయన్ని పిలిచేసింది. ఆయన గొలుసు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు, ఒళ్లంతా పిండితో గోడకు సున్నం కొట్టినట్టు.

"ఈ ఒక్కపూట చూసి తీసుకెళ్లు" అన్నాడు పట్టకారు. గొంతు మాత్రం వణికింది, ఒప్పుకుంటాను.

దొరగారు గడ్డం ఆనించారు. దూది చెవిలోకి వెళ్లింది. అంతలో గొలుసు గల్లుమంది, తల లేచింది. పట్టుకుంటాడనుకున్నాను. ఆ సమయంలో ఎవడైనా పట్టుకుంటాడు. ఈయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కుక్కపిల్ల గొలుసును చూసింది, ఆ చేతిని చూసింది, మళ్లీ గడ్డం ఆనించింది. తుడవడమూ అయింది, చుక్కలూ పడ్డాయి. అది కదల్లేదు.

"వెళ్లేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్లన్నా" అంది భార్య పిండిమర ఆయనతో, తానేమీ పిలవనట్టు.

నేనెక్కడికి వెళతాను? కుక్కపిల్ల ముక్క తినేదాకా ఆగి అడిగేశాను.

"ఏమయ్యా, మా వీధి పిల్లలందరి తలలూ నీ చేతిలో నలిగాయి. ఒక్కణ్ణయినా 'నాన్నా, కత్తెర పెట్టనా' అని అడిగావా? వాళ్లనడగని వాడివి ఈ కుక్కనెందుకు అడుగుతున్నావు?"

తువ్వాలు దులుపుతూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"వాళ్లెవరూ కరవలేదు కదా, పెద్దమ్మా."