అరవై రకాల వరస

మా మేనత్తకి వెనక్కి తగ్గడం చేతకాదు. బస్టాండులో తన జ్యూస్ బండి మీద "మూడు పళ్ల జ్యూసు, అరవై రకాలు" అని ఎర్రరంగుతో రాయించింది. బండిలో ఉన్నవి ఐదే పళ్లు: మామిడి, అనాస, ద్రాక్ష, బొప్పాయి, పుచ్చ. అరవై ఎలాగని అడిగాను.

"మొదటి పండు ఐదింట్లో ఒకటి, తర్వాతది నాలుగింట్లో, మూడోది మూడింట్లో. గుణించుకుని నోరు మూసుకోవే" అంది.

గుణించాను, మూసుకున్నాను. మూసుకోనిది పక్కబండి సోడాలాయన. వెళ్లి బస్టాండు మేనేజరు చెవిలో ఊదాడు.

మేనేజరు వచ్చి బోర్డు చదివాడు. "ఏమ్మా, ఆ మూడు పళ్లనే ఏ వరసలో మిక్సీలో వేసినా వచ్చేది ఒకటే జ్యూసు. ఒక్కోదాన్ని ఆరుసార్లు లెక్కేశావు. నీ దగ్గరున్నవి పదే రకాలు. రేపటికల్లా బోర్డు నిజం చెయ్యి, లేదంటే బండి తీసెయ్యి."

అత్త మొహం మాడిపోయింది. ఆయన లెక్కే సరైనది. ఆ చోటు పోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు.

"పది అని రాయించేద్దాం అత్తా" అన్నాను.

"పదికి దిగితే ఆ సోడాలాయన నవ్వు చూడలేను" అని కసిరింది. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్లూ మండింది. పరువు తినడానికి పనికొస్తుందా?

మర్నాడు పొద్దున్నే అత్త ఐదు పళ్లనూ వేరువేరుగా ఐసుతో చిక్కగా తిప్పి ఐదు గిన్నెల్లో పెట్టింది. మేనేజరు వచ్చాడు. వెనకే, తమాషా చూడ్డానికి, సోడాలాయన.

అత్త ఒక గ్లాసులో అడుగున మామిడి, దానిమీద అనాస, పైన ద్రాక్ష, గరిటె మీదుగా మెల్లగా జార్చింది. ఇంకో గ్లాసులో అవే తలకిందులుగా పోసింది. ఏ రంగూ పక్కదానితో కలవలేదు.

"కలపకుండా తాగండి సార్."

ఆయన రెండూ తాగాడు. "మొదటిది పుల్లగా మొదలై తియ్యగా దిగింది. ఇది తియ్యగా మొదలై పుల్లగా దిగింది."

"రెండూ ఒకటేనా?"

"కాదు."

"మిక్సీలో వరస పోతుంది సార్. గ్లాసులో పోదు. ఇకమీద నా బండిలో కలపడం లేదు."

మేనేజరు కాసేపు వేళ్లమీద లెక్కేసుకుని "అరవయ్యే. బోర్డు ఉండనీ" అన్నాడు. నేను గ్లాసులు కడుగుతూ పళ్లన్నీ కనపడేలా నవ్వాను.

ఆయన వెళ్లాక సోడాలాయన మెల్లగా బండి దగ్గరికి జరిగాడు. ఇన్నాళ్లూ అత్తని "ఏయ్ జ్యూసూ" అని పిలిచిన మనిషి. "అక్కా, నాకూ ఒకటి పొయ్యవా" అన్నాడు.

అత్త గరిటె అందుకుంది. "నాతో వరస బాగానే కలిపావు తమ్ముడూ. ఇక గ్లాసులో వరసేంటో చెప్పు."