వరస కలిపిన మంగళవారం

నా క్లాసులో మొదటి రోజు చెప్పే మొదటి నియమం: ఎదుటి మనిషితో వరస కలపకూడదు.

ఈ నియమం పుస్తకాల్లో ఉండదు. అవి రాసినవాళ్ళకి నూజివీడుతో పని పడలేదు. ఇక్కడ ఇద్దరు కొత్తవాళ్ళు ఒక బల్ల మీద కూర్చుంటే మొదటి నిమిషంలో ఏ ఊరు, రెండో నిమిషంలో ఎవరి తాలూకు, మూడో నిమిషానికి ‘అయితే నువ్వు నాకు మేనకోడలివి’. తెలియని మనిషిని తెలియని మనిషిగా వదిలేయడం మా వైపు మర్యాద కాదు. మామూలు కష్టాలకి అది మంచి మందే. కానీ నేను నేర్పించేది, చిన్నతనంలో సొంత ఇంట్లో, ఇంటి మనుషుల వల్లే, ఏళ్ళ తరబడి గాయపడి పెద్దయినవాళ్ళకి చికిత్స చేయడం. వాళ్ళకి ప్రమాదం ఏదో ఒక వరస పెట్టుకునే వచ్చింది. వాళ్ళతో ‘నన్ను పిన్ని అనుకోమ్మా’ అంటే ధైర్యం చెప్పినట్టు కాదు.

మా శిక్షణ కేంద్రం అంటే మందుల షాపు మీద రెండు గదులు. ఒంటికి సంబంధించినవి కింద, మిగతావి పైన. బ్యాచికి ఐదుగురు. అందరూ అప్పటికే బళ్ళలోనో ఆసుపత్రుల్లోనో కౌన్సెలర్లుగా పనిచేస్తున్నవాళ్ళు. శనివారం క్లాసు. మిగతా రోజుల్లో ఒక్కొక్కరు తమ దగ్గరికి వచ్చేవాళ్ళని వెనక గదిలో చూసి, తర్వాత ముందు గదిలో నాకు చెబుతారు. నేను తప్పులు పడతాను. శిక్షణలోంచి చివరి అక్షరం తీసేస్తే మిగిలేదే నా పద్ధతి అని వాళ్ళు చాటుగా అనుకోవడం నేను విన్నాను. కాదనలేదు.

ఆ బ్యాచిలో ఒక లెక్కల టీచరుగారు ఉండేవారు. ఇరవయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పి, యాభై దాటాక మనస్తత్వశాస్త్రం చదువుకుని వచ్చారు. నా కంటే పెద్దావిడ. నేను ఆవిడని టీచరుగారూ అనేదాన్ని, ఆవిడ నన్ను మేడం అనేవారు.

“వరస కలపకపోతే మాట ఎలా కలుస్తుంది మేడం?” అన్నారు మొదటి రోజే.

“నిదానంగా కలుస్తుంది.”

“ఎంత నిదానంగా?”

“ఆర్నెల్లు పట్టొచ్చు.”

“ఆర్నెల్లలో మా ఆడపడుచుకి పెళ్ళి కుదిరింది, అయింది, గొడవలు కూడా వచ్చి సర్దుకున్నాయి.”

అందరూ నవ్వారు. తర్వాత నేను డిసోసియేషన్ గురించి చెప్పాను. మనిషి కుర్చీలోనే ఉంటుంది. కళ్ళు తెరిచే ఉంటాయి. అడిగితే జవాబు కూడా చెబుతుంది. కానీ ఆ జవాబు చెప్పేటప్పుడు లోపల ఆమె ఉండదు. పారిపోవడానికి దారిలేని పిల్లలు, ఒళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళిపోవడం నేర్చుకుంటారు. పెద్దయ్యాక, పాత ప్రమాదం ఛాయ కనిపిస్తే చాలు, అడగకుండానే శరీరం ఆ పని చేసేస్తుంది.

టీచరుగారు పెన్ను కింద పెట్టారు. “మా బళ్ళో ఆరో తరగతిలో ఒక పిల్ల అలాగే ఉండేది. పరధ్యానం అనుకుని గోడకుర్చీ వేయించాను” అన్నారు. ఆవిడ మళ్ళీ పెన్ను తీసుకున్నారు.

ఆవిడ దగ్గరికి మంగళవారం పదకొండు గంటలకి ఒకామె వచ్చేది. ముప్పై దాటిన మనిషి, ఉద్యోగం ఉంది, మైలవరం వైపు నుంచి బస్సులో వచ్చేది. మా ఫైళ్ళలో ఇంటిపేరు, ఊరు రాయకూడదని నియమం. అదీ నేను పెట్టిందే. నాకు ఆమె ముఖం తెలియదు, టీచరుగారి మాటల్లోంచే తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో ఒక పెద్దమనిషి వల్ల జరిగింది. ఎవరో చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇప్పుడు ఆ మనిషి ఉండే ఇంట్లో పిల్లలెవరూ లేరని మాత్రం టీచరుగారు ముందే కనుక్కున్నారు. ఆ ఒక్క ప్రశ్నా ఆలస్యం చేయకూడనిది.

రెండు నెలలు టీచరుగారు ఏమీ తవ్వలేదు. తలుపు దగ్గరి కుర్చీ కావాలో కిటికీ దగ్గరిది కావాలో ఆమెనే ఎంచుకోమన్నారు. ఫ్యాను ఎంత తిరగాలో ఆమెనే చెప్పమన్నారు. ఆమె చెయ్యి కొంచెం ఎత్తితే తను మాట ఆపేసేవారు. ఆమె సగంలో లేచి వెళ్ళిపోతానంటే సరే, వచ్చే మంగళవారం కలుద్దాం అనేవారు. ఒక్కసారి కూడా ఆమె తనకి కేటాయించిన యాభై నిమిషాలూ పూర్తిగా కూర్చోలేదు. ఏడో వారం నలభై నిమిషాలు ఉందని టీచరుగారు నాతో చెప్పినప్పుడు, స్కూలు ఫస్టు వచ్చిన పిల్లకి మార్కులు చెబుతున్నట్టు చెప్పారు.

తొమ్మిదో మంగళవారం గాలివాన వచ్చింది. కాయ మీదున్న మామిడి తోటలకి ఆ వాన మంచిది కాదు. కింద మందుల షాపువాళ్ళు షట్టరు సగం దించేశారు. నేను ఏదో పని మీద మెట్లు దిగుతుంటే, కింద నుంచి నాలుగో మెట్టు మీద ఒకామె గొడుగు విప్పాలా వద్దా అని చూస్తూ నిలబడింది. ఎవరో నాకు తెలియాలి. మంగళవారం, పన్నెండు దగ్గర పడుతోంది, ఇంకెవరవుతారు? కానీ వానలో చిక్కుకున్న మనిషి కనపడితే మా వైపు నోరు ఊరుకోదు. నాది అసలే ఊరుకోదు.

“ఎంతదాకా వెళ్ళాలమ్మా?”

“మైలవరం అవతలండీ.”

“అవతలంటే ఏ ఊరు?”

చెప్పింది.

“అక్కడ మాకు బాగా కావలసినవాళ్ళున్నారు” అని, ఒక పేరు చెప్పాను. మామిడి తోటలు కౌలుకి తీసుకునే వ్యాపారి. మా నాన్నగారి స్నేహితుడు. నాన్నగారు మంచాన పడ్డప్పుడు వారానికి రెండుసార్లు వచ్చి పేపరు చదివి వినిపించిన మనిషి. ఏటా మా ఇంటికి చిన్నరసాలు పంపే మనిషి.

“మా బాబాయండీ” అంది.

“అయ్యో, నాకూ బాబాయే. చిన్నప్పటి నుంచీ అలాగే పిలుస్తాను. అయితే మనం అక్కాచెల్లెళ్ళం.”

మాట నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే చూశాను. గొడుగు బొత్తాం మీద ఆమె వేలు ఆగిపోయింది. ముఖంలో ఏ మార్పూ లేదు. మార్పు లేకపోవడమే మార్పు. “అవునండీ” అంది. ఆ గొంతు ముప్పై దాటిన మనిషిది కాదు. తర్వాత నేనేదో అడిగితే దానికీ “అవునండీ” అంది.

దీని గురించి రెండు గంటలు ఆపకుండా చెప్పగలను. అలాంటి నేను అక్కడ నిలబడి ఆమెని చూస్తున్నాను, అంతే.

వెనక నుంచి టీచరుగారు మెట్లు దిగారు. ఆమెని చూశారు, నన్ను చూశారు. “మేడం, మీరు పైకెళ్ళి తలుపేసుకోండి” అన్నారు. బడిలో వాడిన గొంతే అయి ఉంటుంది. నేను వెళ్ళి తలుపేసుకున్నాను.

తలుపు అవతల నుంచి వినపడింది. “నేను టీచర్ని. మీ పక్క మెట్టు మీద ఉన్నాను. ముట్టుకోను. ఇది నూజివీడు. ఇవాళ మంగళవారం. వాన పడుతోంది. మీకు ముప్పై మూడేళ్ళు. మెట్టు తడిగా ఉంది, కాలికి తెలుస్తోందా? తొందరేం లేదు.” కొంచెం ఆగి మళ్ళీ అవే మాటలు. బస్సు వెళ్ళిపోయింది. ఇంకో బస్సు కూడా వెళ్ళిపోయింది. తర్వాత ఇద్దరి అడుగుల చప్పుడు కిందికి దిగింది.

నాకు కోపం రావాలి. ఆ బాబాయిగారి మీద, లేదంటే నా మీద. ఏదీ రాలేదు. కుర్చీలో కూర్చుని శనివారం క్లాసుకి కాగితాలు వరసగా సర్దాను. తర్వాత అవే కాగితాలు మళ్ళీ సర్దాను. ఇలాంటి స్థితికి పేరేమిటో ఆ కాగితాల్లోనే, మూడో పేజీలో ఉంది.

తరువాతి మంగళవారం ఆమె రాలేదు. దాని తర్వాతదీ రాలేదు. శనివారం క్లాసులో జరిగింది జరిగినట్టు, పేర్లు లేకుండా చెప్పాను. ఐదుగురూ రాసుకున్నారు. ఒక కుర్రకౌన్సెలరు, “మేడం, ఇది పరీక్షలో వస్తుందా?” అని అడిగాడు. వచ్చింది, తప్పాను అన్నాను.

మూడో వారం ఆమె టీచరుగారికి ఫోన్ చేసింది. వస్తానంది. షరతులు చెప్పింది, టీచరుగారు వాటిని కాగితం మీద రాసి తెచ్చి నా ముందు పెట్టారు. బాబాయికి ఏమీ తెలియకూడదు. తను ఇక్కడికి వస్తున్నట్టు కూడా తెలియకూడదు. తెలిస్తే ఇంట్లో మళ్ళీ అందరూ తననే కూర్చోబెట్టి అడుగుతారు. తను వచ్చే సమయానికి ఆ మేడం ఆ భవనంలో, వీలైతే ఊళ్ళోనే ఉండకూడదు. ఆ మేడం ఆయనతో ఎప్పటిలాగే ఉండాలి. ముఖం మారితే ఆయన పసిగడతాడు.

“ఏం చెప్పమంటారు?” అన్నారు టీచరుగారు.

“సరే అని చెప్పండి.”

“చివరిది కష్టమండీ.”

“తెలుసు.”

ఆ బాబాయిగారు ఇప్పుడు బతికి లేరు. ఆమె చదివి సరేనన్నాకే దీన్ని బయట పెడుతున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. నా తప్పు మాత్రం మార్చలేదు.

అలా మంగళవారాలు నేను ఊరు వదలడం మొదలైంది. పది గంటలకి బస్సెక్కి హనుమాన్ జంక్షన్‌లో దిగడం, ఒక హోటల్లో ఇడ్లీ తిని రెండు కాఫీలు తాగడం, తిరుగు బస్సెక్కడం. అక్కడ అందరూ ఎక్కడికో వెళ్ళడానికి ఆగుతారు. ఎక్కడికీ వెళ్ళకుండా వచ్చేదాన్ని నేనొక్కదాన్నే. రెండో వారానికి సర్వరు అడక్కుండానే కాఫీ తెచ్చేవాడు.

నాలుగో మంగళవారం, నేను బస్సు దిగేసరికి లారీల దగ్గర నుంచి పిలుపు వినపడింది. “ఏంటమ్మాయ్, ఇక్కడున్నావ్?”

ఆయనే. తెల్ల చొక్కా, చేతిలో మడిచిన పేపరు. కాయ లోడు పంపించడానికి వచ్చారట. పదకొండు కావస్తోంది. అక్కడ ఆమె మెట్లెక్కుతూ ఉంటుంది.

“నమస్కారం బాబాయిగారూ” అన్నాను. గొంతు బాగానే వచ్చింది.

“పోయిన మంగళారం కూడా నువ్వే అనుకున్నా, ఆ హోటల్లో. ఏంటి పని?”

“పన్ను నొప్పండీ. డాక్టరు దగ్గరికి.” ఎందుకు ఆ మాటే వచ్చిందో తెలియదు.

“మరి చెప్పవేం? ఆ ఎదురు సందులో డాక్టరు మా తోడల్లుడి కొడుకే.” అప్పటికే ఫోన్ తీశారు. “ఒరేయ్, మా అమ్మాయి వస్తోంది, లైన్లో కూర్చోబెట్టకు.” వరస కలపడంలో ఆయన నాకంటే వేగం.

కాదంటే అనుమానం. ఆయన వెనకే నడిచాను. డాక్టరు అద్దం పెట్టి చూసి, “ఎన్నాళ్ళ నుంచండీ నొప్పి?” అన్నాడు. నాలుగు వారాలన్నాను. “కింద దవడ పన్ను పుచ్చింది. ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నారో” అన్నాడు. నాకు ఆ పన్ను ఒక్కరోజు కూడా నొప్పి పెట్టలేదు. ఇంజెక్షన్ ఇచ్చి, మందు పట్టేదాకా బయట కూర్చోమన్నాడు. బయట బెంచీ మీద ఆయన ఉన్నారు. పక్కన కూర్చున్నాను. ఆయన పేపరు విప్పి, నాన్నగారికి చదివినట్టే, తోటల మీద తెగులు గురించి ఒక వార్త నాకు చదివి వినిపించారు. విన్నాను. పెదవి, చెంప, నాలుక సగం, ఒకటొకటిగా నావి కాకుండా పోయాయి.

పన్నెండింటికి పది నిమిషాలు తక్కువగా ఫోన్ మోగింది. టీచరుగారు.

“వచ్చిందండీ. ఇప్పుడే లేచింది. యాభై నిమిషాలూ కూర్చుంది. రాగానే మీరు ఊళ్ళో ఉన్నారా అని అడిగింది, లేరన్నాను. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు. ఫ్యాను మాత్రం తనే లేచి తగ్గించుకుంది.”

“ఊఁ” అన్నాను. అంతకంటే నోరు తిరగలేదు.

“మేడం, ఉన్నారా?”

“ఊఁ.”

“ఎవరమ్మాయ్?” అన్నారు ఆయన, పేపరు మీంచి.

“క్లాసు” అనబోతే అది వేరే మాటలా వచ్చింది. ఆయన నవ్వారు. నా నోటి చివర తడి చూసి జేబులోంచి ఇస్త్రీ చేసిన రుమాలు తీసి ఇచ్చారు. తీసుకుని తుడుచుకున్నాను. ఉతికి పంపిస్తానన్నట్టు సైగ చేశాను. ఉంచుకోమ్మా అన్నారు.

పన్ను పని అయ్యాక బస్సు దాకా వచ్చారు. కండక్టరుతో, “మా అమ్మాయి, పన్ను పీకించుకుంది, మాట్లాడలేదు, నూజివీడులో జాగ్రత్తగా దింపు” అని చెప్పారు. పన్ను పీకలేదు, పూడ్చారంతే; సరిదిద్దే నోరు నాకు లేదు. బస్సు కదులుతుంటే చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

నూజివీడులో దిగి వెంటనే గదికి వెళ్ళలేదు. ఆమె ఎక్కే మైలవరం బస్సు వెళ్ళిందా అని బస్టాండు ఎంక్వైరీలో సైగలతో అడిగితే అతనికి అర్థం కాలేదు. కాగితం మీద రాసి చూపించాను. వెళ్ళి చాలాసేపయిందన్నాడు. అయినా నీడలో ఇంకో పావుగంట కూర్చుని, అప్పుడు మెట్లెక్కాను.