రూతమ్మ టీచర్ హౌసీ సంచి

కలకత్తా భవానీపూర్‌లో మెట్రో స్టేషన్ దగ్గర కొత్తగా ఒక కాఫీ దుకాణం తెరిచారు. అక్కడ కాఫీ ఒక నెపం మాత్రమే. గోడల నిండా ఆటల పెట్టెలు, బల్లల చుట్టూ కుర్రకారు. ఆఫీసులో నాతో పనిచేసేవాళ్లు మొన్న శనివారం మధ్యాహ్నం నన్ను కూడా లాక్కెళ్లారు. పక్క బల్ల మీద ఒకమ్మాయి ఇరవై ముఖాల పాచిక విసిరింది. గాజులా మెరిసే ఎర్రటి పాచిక. అది టకటకా దొర్లి ఆగేలోపు బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబట్టారు. చప్పుడు బాగానే ఉంది గానీ నా చెవికి ఏదో వెలితిగా తోచింది. ఆ చోట నాకు గుడ్డసంచిలో చెక్క బిళ్లలు గలగలలాడాలి. ఆ వెంటనే ఒక ముసలి గొంతు అంకెను పిలవాలి. ఈ రెండూ లేకుండా ఒక దెయ్యం లొంగడం నేను చిన్నప్పుడు చూడలేదు.

సంచి రూతమ్మ టీచర్‌ది. లోపలి బిళ్లలు మాత్రం చర్చివి. మా కష్టాలన్నీ ఆ తేడాలోంచే వచ్చాయి.

శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలోకీ రేవులోకీ పనికొచ్చిన కుటుంబాలు హౌరాలోని టికియాపారాలో కట్టుకున్న తెలుగు చర్చి మాది. రూతమ్మ టీచర్ వారమంతా భవానీపూర్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు, ఆదివారం మాకు సండే స్కూల్ టీచర్. ఆవిడ తమ్ముడు సరుకు ఓడలో వంటవాడు. ఒకసారి ఏదో దేశం రేవులో, చదరంగం లాంటిదనుకుని, అక్క కోసం ఒక పెట్టె కొన్నాడు. తెరిస్తే చదరంగం లేదు. ఇంగ్లీషులో ఒక లావుపాటి నియమాల పుస్తకం, ఎవరూ ఎప్పుడూ చూడని ఆకారాల్లో పాచికలు ఉన్నాయి. హౌరా బ్రిడ్జి మీద బస్సు ఇరుక్కుపోయినప్పుడల్లా టీచర్ ఆ పుస్తకం చదివారు. అంటే చాలా త్వరగానే పూర్తిచేశారు.

"సగం అర్థమయినాది," అన్నారు మాతో. "మిగతా సగం మనవే సూసుకుందాం."

ఈ ఆట తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇందులో గళ్లు, పావులు ఉండవు. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. కథ చెప్పే మనిషి మనల్ని ఒక చిక్కులోకి తీసుకెళ్లి వదిలేసి, ఇప్పుడేం చేస్తావని అడుగుతారు. మనం చెప్పింది కుదిరిందో లేదో పాచిక తేలుస్తుంది. పెద్ద అంకె పడితే కుదిరినట్టు. నా పేరు సంసోను, బైబిల్లోని బలశాలి పేరు. ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్లు పేరు రెండోసారి అడిగేవారు. చొక్కా హ్యాంగరుకే బాగా నప్పేది. ఆటలో నేను మల్లయోధుణ్ణి అవుతానన్నాను. టీచర్ నవ్వలేదు. "భుజాలు ఎంతుంటాయి?" అని అడిగి, నేను చెప్పిన కొలత ఉన్నదున్నట్టు రాసుకున్నారు. ఇంత వయసొచ్చినా నన్ను అంత గంభీరంగా ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఇంకొకరు లేరు.

మా వీధిలోనే ఉండే సుశీల మంత్రగత్తె. మాటకు ముందు చెయ్యి లేచే రకం కాబట్టి ఆ వేషానికి పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది. చిక్కల్లా భాషతోనే. మేమంతా ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ మాట్లాడి, మూడింటినీ సమానంగా పాడుచేసేవాళ్లం. ఒక ఆదివారం సరిగ్గా మంత్రం వేయబోయే ముందు సుశీల బెంగాలీలో విసుగ్గా "ధూర్ బాబా" అంది.

"విన్నాది దెయ్యం," అన్నారు టీచర్.

"అది మంత్రం కాదు టీచర్, ఊరికే అన్నాను."

"ఊరికే అన్నా వింటాది. కలకత్తా దెయ్యం. దానికి బెంగాలీ వచ్చు, హిందీ వచ్చు. తెలుగొక్కటే రాదు. ప్లాను తెలుగులో సెప్పుకోండి, బతికిపోతారు."

సుశీల మంత్రగత్తె ఆ రోజు బతకలేదు. ఆ తరువాతి వారం నుంచి మా తెలుగు చెప్పుకోదగ్గట్టు బాగుపడింది. భాష మీద ప్రేమ అని మా పాస్టరుగారు సంతోషించారు. మేం కాదనలేదు.

యాకోబు తాత సంగతి చెప్పాలి. రేవులో క్రేన్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, చర్చి కమిటీకి పెద్ద. ఆయనకు దెయ్యాల మీద అభ్యంతరం లేదు, ఎలాగూ వాటిని చంపుతున్నాం కదా. అభ్యంతరమల్లా పాచికల మీద. "ఏటమ్మా ఇది? సిలువ కింద ప్రభువు బట్టల కోసం సైనికులు ఆడిన ఆట పిల్లల సేత ఆడిస్తన్నావా?" అన్నారు. టీచర్ వాదించలేదు. పాచికలు పెట్టెలో పెట్టేశారు. మా చర్చిలో ఏటా క్రిస్మస్‌కి హౌసీ ఆడతారు. ఒకటి నుంచి తొంభై దాకా అంకెలున్న చెక్క బిళ్లల్ని సంచిలోంచి ఒక్కొక్కటే తీసి పిలుస్తుంటే, అందరూ చేతిలోని టికెట్ల మీద కొట్టేసుకుంటారు. పిలిచేది యాకోబు తాతే. ఆ పని ఇంకెవరికీ ఇవ్వరు. తరువాతి ఆదివారం టీచర్ ఆ బిళ్లల్లోంచి ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి, జాకెట్టు గుడ్డతో కుట్టిన చిన్న సంచిలో వేసి, తాత ముందు పెట్టారు.

"ఇవి మన సర్చి బిళ్లలే గదా తాతా?"

తాత ఒక బిళ్ల తీసి అటూ ఇటూ తిప్పి చూశారు. "మన బిళ్లలే," అన్నారు చివరికి. వాటిని తప్పుపడితే క్రిస్మస్‌కి వాటిని పిలిచేది తనే, ఆయనకు దారి లేకపోయింది. ఇరవై ముఖాల పాచిక స్థానంలో ఇరవై బిళ్లల సంచి వచ్చింది. ఆట నిలబడింది.

అసలు ప్రమాదం ఆ క్రిస్మస్‌కి జరిగింది. బల్ల మీద ఎర్ర రిబ్బను కట్టిన ప్రెషర్ కుక్కర్, అది ఫుల్ హౌస్‌కి. టికెట్‌లోని అంకెలన్నీ ముందుగా ఎవరికి వస్తే వాళ్లది. తాత ఇస్త్రీ చొక్కాలో నిలబడి, ప్రతి అంకెనూ పాటలా సాగదీసి పిలుస్తున్నారు. మొదటి వరుస ఎవరికో వచ్చింది, చప్పట్లు కొట్టాం. తరువాత పిలిచారు, పిలిచారు, పిలుస్తూనే ఉన్నారు. చివరికి సంచిలో చెయ్యిపెట్టి కాసేపు వెతికి, సంచిని తిరగేసి దులిపారు. ఏమీ రాలలేదు. కుక్కర్ అలాగే ఉంది.

"ఎవలికీ రానేదా? సరిగ్గా సూసుకోండి," అన్నారు తాత.

"మాం సరిగ్గానే సూసుకుంతన్నాం," అంది సుశీల నాయనమ్మ. "ఇరవై లోపు అంకి ఒక్కటీ పిలవనేదు నువ్వు."

వెనక బెంచీలోంచి రూతమ్మ టీచర్ లేచారు. "అవి అల్మారాలో ఉన్నాయి తాతా," అన్నారు. "దెయ్యంతో పోరు సగంలో ఆగినాది. తిరిగి ఎయ్యడం మర్సిపోనాను."

మిగతా తప్పులేవైనా కమిటీ క్షమించి ఉండేదేమో. కానీ తాత అంతమంది ముందు ఖాళీ సంచి దులిపారు. బిళ్లలు వెనక్కి తీసుకోవాలనీ, ఆదివారం ఆట మానిపించాలనీ తీర్మానించారు. అమలు చేసే బాధ్యత తాతదే. నాకు వారంలో ఆరు రోజులు మామూలు భుజాలు, ఒక్క రోజు మాత్రం వెడల్పు భుజాలు. ఆ ఒక్క రోజూ పోతోంది. ఇంట్లో అమ్మ ఏమైందని అడిగితే ఆకలి లేదన్నాను. మా ఇంట్లో ఆ మాట మీద డాక్టర్ని పిలుస్తారు.

ఆదివారం ఆరాధన అవగానే తాత ఒక ప్లాస్టిక్ కవరు పట్టుకుని వచ్చారు. టీచర్ కుర్చీ జరిపి, "ఈ పోరొక్కటి అవనివ్వండి తాతా," అన్నారు. మేం ఒక నది రేవులో ఇరుక్కుని ఉన్నాం. రేవు మెట్ల మీద ఒక దెయ్యం కూర్చుని ఒక్క పడవనూ కదలనివ్వడం లేదు. నా కత్తి విరిగింది, సుశీల మంత్రాలు అయిపోయాయి. "ఇప్పుడేటి సేస్తారు?" అన్నారు టీచర్ ఎప్పటిలాగే. ఆఖరి ఆట అని తెలిశాక మాకు దెయ్యం మీద మనసు నిలవలేదు. టీచర్ తాత వైపు తిరిగారు.

"మీరైతే ఏటి సేస్తారు తాతా?"

"నానెందుకు సేస్తాను?" అన్నారు తాత. కవరు మడత విప్పారు, మళ్లీ మడిచారు. "ఎన్నేళ్లనించి కూకున్నాదది అక్కడ?"

"మూడొందలేళ్లు."

"దానికి కూడెవులు పెడతన్నారు?"

పుస్తకం వైపు టీచర్ చెయ్యి వెళ్లి, మధ్యలో ఆగింది. "ఎవలూ పెట్టడం నేదు," అన్నారు నెమ్మదిగా.

"మరడగండర్రా," అన్నారు తాత మా మీద విసుక్కుంటూ. "ఎవులైనా ఎదురైతే ముందేటడుగుతాం? తిన్నావా అని. కత్తులట్టుకుని ఎగబడిపోడమేనా?"

నేను గొంతు బొంగురు చేసి, మల్లయోధుడి హోదాలో, "ఏటోయ్, తిన్నావా?" అని అడిగాను. టీచర్ సంచిని తాత చేతిలో పెట్టారు. పదిహేను దాటితే దెయ్యం మెత్తబడుతుందన్నారు. తాత అలవాటు కొద్దీ సంచిని చెవి దగ్గర పెట్టి కుదిపారు, బిళ్ల తీశారు, క్రిస్మస్ గొంతుతో పిలిచారు. "ఒకటీ... ఏడూ... పదిహేడు."

టీచర్ తల వంచుకున్నారు. దెయ్యం గొంతు చాలా చిన్నగా, రాదన్న తెలుగులోనే వచ్చింది. "నేదు బాబూ. మూడొందలేళ్లనించి ఒక్కలూ అడగనేదు."

"పాపం," అన్నారు తాత. తరువాత సుశీల వైపు తిరిగి, "సూస్తావేటే, మంత్రగత్తెవి గదా, పొయ్యి ఎలిగించు," అన్నారు.

బిళ్లలు ఆ రోజు తాత కవరులోకి కాక మళ్లీ అల్మారాలోకే వెళ్లాయి. విచారణ ఇంకా పూర్తికాలేదని తాత కమిటీకి చెప్పారు. ఆ విచారణ ప్రతి ఆదివారం జరిగేది, నేను కాలేజీ పూర్తిచేసినా తెమలలేదు. తాను ఆడుతున్నట్టు ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. మరుసటి క్రిస్మస్‌కి హౌసీ మొదలయ్యే ముందు మాత్రం బిళ్లలన్నీ బల్ల మీద పరిచి, టీచర్ ఎదుటే లెక్కపెట్టారు.

కాలేజీ రోజుల్లో టీచర్ ఆఫీసు వీధిలోనే ఒక సైబర్ కేఫ్ ఉండేది. అక్కడే నాకు కంప్యూటర్ ఆటలు తగిలాయి. మా పెట్టెలో ఉన్నటువంటి ఆటకే మనవలు అవి. అవే కోటలు, అవే మంత్రగత్తెలు, అవే భుజాల కొలతలు. సంగీతం వింటూ చీకటి గుహల్లో తిరుగుతుంటే భోజనం సంగతే గుర్తొచ్చేది కాదు. ఒక రోజు లంచ్ టైములో టీచర్‌ని తీసుకెళ్లి గర్వంగా చూపించాను. తెర మీద వంతెన, దాని మీద ఒక దెయ్యం. కింద మూడు వరుసలు: పోరాడు, పారిపో, సుంకం కట్టు.

"తిన్నావా అని అడగాలంటే ఏది నొక్కాలి?" అన్నారు టీచర్.

"అది లేదు టీచర్."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని తెరను పై నుంచి కింద దాకా చూశారు. "బొమ్మలు బాగున్నాయి సంసోనూ," అన్నారు. "ఇది రాసినాయనకి పాపం యాకోబు తాత తగల్లేదు."

ఆ ఆటల మీద నా ప్రేమ దాంతో తగ్గలేదు. కానీ ప్రతి వంతెన దగ్గరా మూడు వరుసలూ చదివి, నాలుగోది ఉందేమోనని తెర అడుగున వెతకడం అలవాటైంది. చివరికి అదే ఉద్యోగమైంది. సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీలో కంప్యూటర్ ఆటలకు సంభాషణలు రాస్తాను. ప్రతి ఆటలోనూ ఎక్కడో ఒకచోట ఆ నాలుగో వరుస పెడతాను, పైవాళ్లు తీసేస్తారు. ఒక చిన్న ఫోన్ ఆటలో మాత్రం ఎవరూ గమనించక బతికిపోయింది. టీచర్ అప్పటికి రిటైరై, బడ్జ్ బడ్జ్‌లో తమ్ముడి దగ్గర ఉంటున్నారు. ఫోన్ పట్టుకుని వెళ్లాను. ఆవిడ ఆ నాలుగో వరుస నొక్కారు. కోట కాపలావాడు తినలేదన్నాడు. నేను ఆవిడ ముఖం వైపు చూస్తూ కూర్చున్నాను.

"అడిగినావు, బాగున్నాది," అన్నారు టీచర్. "మరి పెట్టడానికేటున్నాది?"

నేను ఏమీ పెట్టలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆట తరువాతి మార్పుల్లో ఆ కాపలావాడికి ఒక ఝాల్‌మురీ మరమరాల పొట్లం ఏర్పాటు చేయించాను. టీచర్ గత వర్షాకాలంలో కన్నుమూశారు. సమాధి కూడిక అయ్యాక నేనూ సుశీలా అన్నాల దగ్గర కూర్చుని ఖాళీ సంచి సంగతి తలుచుకున్నాం. కాస్త ఎక్కువే నవ్వామని పాస్టరుగారి చూపులో తెలిసింది.

మొన్న ఆ కాఫీ దుకాణంలో పక్క బల్లవాళ్లకు ఒక మనిషి తక్కువయ్యారట, నన్ను పిలిచారు. వెళ్లి కూర్చున్నాను. కథ చెబుతున్నది ఆ ఎర్ర పాచిక అమ్మాయే. కొండ దారికి అడ్డంగా డ్రాగన్. అందరూ కత్తులు దూశారు. "దాదా, మీరేం చేస్తారు?" అని బెంగాలీలో అడిగింది. అది తిన్నదో లేదో అడుగుతానన్నాను, బెంగాలీలోనే. బల్ల చుట్టూ నవ్వారు. ఆ అమ్మాయి మాత్రం నవ్వకుండా పుస్తకం తిరగేసింది. రెండు మూడు పేజీలు చూసి, మూసేసి, పాచికను నా చేతిలో పెట్టింది. నేను దాన్ని రెండు అరచేతుల మధ్య చెవి దగ్గర బాగా కుదిపి విసిరాను. అంకెను తెలుగులోనే, తాత సాగదీసినట్టే పిలిచాను. ఒకటీ... నాలుగూ... పద్నాలుగు.

పద్నాలుగు చాలుతుందా అని అడిగాను. ఆ అమ్మాయి పాచికను వెనక్కి తీసుకుని, ఆకలి విషయంలో చాలుతుందంది.